చెదరని బొమ్మ

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది గాని అది కురిసే మబ్బు కాదు. తెల్లవారుతూనే తూర్పున ఒక చార ఎర్రబడింది. మళ్ళీ అంతలోనే బూడిదరంగు కమ్మేసింది. గాలి లేదు. ఇలాంటి రోజున ఆవిరి పైకి పోకుండా కిటికీల దగ్గరే ఆడుతుంది. వీధిలో అన్ని వంటగదుల కిటికీల్లోనూ ఆవిరి ఆడుతోంది. వడ్రంగి ఇంటి కిటికీ మాత్రం మూసి ఉంది.

వీధిలోకి వచ్చిన పెద్దమనిషి ముందుగా చూసింది ఆ కిటికీనే. ఆయన్ని అందరూ నిదానం అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉండగా పై అధికారి ఒకాయన విసుక్కుని పెట్టిన పేరది. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా పేరు మాత్రం ఆయన్ని మానలేదు.

గుమ్మం పక్కన కుర్చీలో ఒక ఆడ కానిస్టేబులు కూర్చుని ఉంది. ఆమెను దాటుకుని చిన్నోడు ఎదురొచ్చాడు. చనిపోయిన వడ్రంగికి తమ్ముడు, అన్న చేసిన సామానుకు పాలిష్ పట్టేవాడు. గోళ్ళ అంచుల్లో లక్క రంగు ఇంకా పోలేదు. నిదానాన్ని పిలిపించింది అతనే.

"సాయంత్రం ఐదింటికి వదినను తీసుకెళ్తారట సార్. ఎస్సైగారు కబురు పంపారు."

"ఏమని?"

"అన్నకు ఆవిడే విషం పెట్టిందని."

నిదానం తల ఊపి లోపలికి నడిచాడు. కేసు అంతా ఆయన విన్నదే. పెద్ద వడ్రంగికి కిడ్నీ జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది. పెద్దాసుపత్రిలో ఒక కొత్త మందును కొందరు రోగుల మీద పరీక్షిస్తుంటే అందులో చేరాడు. కిడ్నీలో మచ్చ ఎంత పెరిగిందో చూడటానికి అప్పుడప్పుడూ ఎమ్మారై స్కాన్ తీసేవారు. మూడో స్కాన్‌లో మచ్చ తక్కువే ఉందని తేలింది. నెల తిరక్కుండా మనిషి పోయాడు. మర్నాడు పొద్దున్నే దహనం అయిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి డాక్టరమ్మ ఒక మాట అంది: ఆ స్కాన్ చూసినవాళ్ళెవరూ ఈ చావును ఊహించరు, లోపలికి ఏదో పోయి ఉండాలి అని. ఆ మాట ఎస్సై చెవిన పడింది. భర్తకు ఆమె రోజూ ఏదో పొడి కలిపిచ్చేదని పక్కింటివాళ్ళు చెప్పారు. శవం లేదు. మిగిలినవి స్కాన్ బొమ్మలూ, ఆ పొడీ.

ఆమె లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కుర్చీ చూపిస్తే నిదానం కింద చాప మీదే కూర్చున్నాడు.

"ఆ పొడి ఎక్కడిదమ్మా?"

"మార్కెట్టు మలుపులో మూలికలమ్మే ఆవిడ ఇచ్చింది. ఆయాసానికి మంచిదంది. రోజూ పొద్దున వేణ్ణీళ్ళలో కలిపిచ్చేదాన్ని."

"డాక్టరమ్మకు చెప్పారా?"

"తిడతారని చెప్పలేదు."

"మీరే చంపారని ఎస్సై అంటున్నాడు."

"ఆయన అనడమెందుకు. నేనూ అదే అనుకుంటున్నా. కలిపింది ఈ చేతులే కదా. వద్దు చేదుగా ఉంది అంటే బతిమాలి తాగించింది నేనే కదా."

గుమ్మంలో కానిస్టేబులు తల తిప్పి చూసింది.

"వదినా, నోరు జారకు," అన్నాడు చిన్నోడు.

"జారడానికి ఏముందిరా. పదిరోజుల్నుంచీ నాలో నేను అనుకుంటున్నదే."

నిదానం లేచి మంచం దగ్గరికి వెళ్ళాడు. టేకు మంచం, చేసినవాడు తనకోసం చేసుకున్నది. పరుపు నడుమ గుంట లేదు. మనిషి పడుకున్న పరుపులా లేదు. కాళ్ళవైపు చదునుగా ఉంది, తలవైపు మాత్రం ఒక్కచోట అణిగిపోయింది. ఆ చోటికి పైన గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, అరచేయంత నూనె మరక ఉంది. మరక నడుమ సున్నం అరిగి నున్నబడింది.

"ఈ మరక?"

"ఆయన తలదే. కూర్చునే నిద్రపోయేవాడు. వెల్లకిలా వాలితే చాలు, గొంతుదాకా నీళ్ళొచ్చినట్టుందే అని లేచిపోయేవాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు వెనకబట్టినప్పటి నుంచి."

"పొడి తెచ్చింది?"

"అది చూసే కదా తెచ్చాను. చలి మొదలయ్యాక."

నిదానం మరక కింద అణిగిన పరుపు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"రెండో స్కాన్ ఎప్పుడు తీశారు?"

ఆమె ఆలోచించింది. "చలికి ముందే. వెళ్తూ భయపడ్డాడు, అక్కడ పడుకోమంటారే ఎలాగ అని. తిరిగొచ్చాక అడిగితే బాగానే అయిందన్నాడు. వీణ్ణి అడిగినా అదే మాట."

చిన్నోడు కిటికీ గడియను సవరిస్తూ నిలబడ్డాడు. గడియ బాగానే ఉంది.

మంచం పక్కన గోడకు ఒక ఫోటో వేలాడుతోంది. అన్నదమ్ములిద్దరూ కొత్తగా బిగించిన తలుపుకు చెరోవైపూ నిలబడి ఉన్నారు. అదే ముక్కు, అదే నుదురు, అదే భుజం వాలు. అన్న ఎడమ చెయ్యి తలుపు మీద ఉంది. చూపుడు వేలు సగానికే ఆగిపోయింది.

"రంపం కింద పడింది," అందామె ఆయన చూపు వెంటే చూసి. "వేలు తెగి పడితే గుడ్డ చుట్టుకుని, తలుపు బిగించే ఇంటికొచ్చాడు. అలాంటి మనిషి ఆయాసానికి ఏడ్చాడు బాబూ."

నిదానం బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ, "ఆసుపత్రికి పోదాం," అన్నాడు.

"నేను దింపుతాను సార్. లోపలికి మాత్రం రాను. ఆ వాసన నాకు పడదు."

"అన్నను ఎప్పుడూ నువ్వే తీసుకెళ్ళేవాడివిగా?"

"గుమ్మం దాకానే."

* * *

స్కానింగ్ గది నడిపే అమ్మాయి నిదానాన్ని తలుపు దగ్గరే ఆపేసింది. బెల్టు, గడియారం, జేబులో చిల్లర, చివరికి కళ్ళజోడు కూడా తీయించింది.

"ఇనుము ఉందంటే మిషన్ లాగేస్తుందండీ. మొన్న ఒకాయన వద్దన్నా వినకుండా తాళాల గుత్తితో వచ్చాడు. గుత్తి వెళ్ళి దానికి అతుక్కుంది. ఇంటికెళ్ళి తలుపు ముందు కూర్చున్నాడట."

"నా దగ్గర ఇంకేం లేదమ్మా. పళ్ళు కూడా సొంతవే."

ఆమె నవ్వబోయి, ఆయన వచ్చిన పని గుర్తొచ్చి మానేసింది.

లోపల మిషన్ పడుకోబెట్టిన పెద్ద బావిలా ఉంది. దాని నోట్లోకి జారే బల్ల. బల్ల మీద పలచని పలక ఒకటి, దానికి గొట్టం.

"ఇది దేనికి?"

"వీపు కింద పెడతాం. వణుకుతుంది. ఆ వణుకు కిడ్నీలోంచి ఎలా పోతుందో మిషన్ బొమ్మ తీస్తుంది. మెత్తటి కిడ్నీలో అల నెమ్మదిగా పోతుంది, మచ్చపడి గట్టిపడితే తొందరగా పోతుంది. లోపలి నీళ్ళ కదలికను చూసే బొమ్మలు వేరే ఉంటాయి. అన్నీ కలిపి డాక్టర్‌గారు మచ్చ ఎంతుందో అంచనా కడతారు. సూది గుచ్చి ముక్క తీయక్కర్లేదు."

"వడ్రంగికి సూది పరీక్ష ఎందుకు చేయలేదు?"

"గుండెకోసం రక్తం పలచబడే మందు వాడేవాడు. గుచ్చితే నెత్తురు ఆగదని మేడమ్ వద్దన్నారు. అందుకే ఆయన విషయంలో ఈ స్కాన్‌దే మాట."

"మరి రోగి ఏం చేయాలి?"

"కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. నేను మైకులో చెప్పినప్పుడల్లా ఊపిరి వదిలి, అలాగే ఆపాలి. అరగంట పైనే పడుతుంది. ఊపిరి ఆపకపోతే కిడ్నీ కిందకీ మీదకీ కదులుతుంది. బొమ్మ చెదిరిపోతుంది."

"ఆయన బొమ్మలు చూపించు."

పక్క గదిలో కంప్యూటర్ మీద తెరిచింది. మొదటిసారి తీసినవి నీళ్ళలో నీడల్లా ఉన్నాయి. అంచు ఎక్కడుందో తెలియదు. ఒక కిడ్నీ కింద దాని దయ్యం ఇంకోటి వేలాడుతోంది. రెండోసారివీ మూడోసారివీ తెరవగానే నిదానం ముందుకు వంగాడు. ఉలితో చెక్కినట్టున్నాయి.

"ఈ రెండుసార్లూ ఊపిరి ఆపాడా?"

"ఎంత బాగా ఆపాడో. చెప్పింది చెప్పినట్టు. మొదటిసారి పాపం, రెండు మాటలు మాట్లాడితే ఆయాసం. రెండోసారి చూసి మందు పని చేస్తోందని సంతోషించాను. మేడమ్‌తో కూడా అన్నాను."

"మొహం చూశావా?"

"టోపీ, మాస్కు, గౌను ఉంటాయి కదండీ. పేరూ పుట్టినరోజూ అడుగుతాను, చెప్పాడు."

నిదానం లేచి బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాడు. ఇద్దరు పట్టేంత గది. చిన్న బల్ల, గోడకు మేకులు, ఉతికిన గౌన్ల దొంతర. దానికి రెండు తలుపులున్నాయి, ఒకటి వరండాలోకి, ఒకటి మిషన్ గదిలోకి. వరండా తలుపు తీసి బయటికెళ్ళి, రెండో తలుపులోంచి తిరిగొచ్చాడు.

"రోగి ఈ గదిలో ఉండగా నువ్వెక్కడుంటావు?"

"బల్ల మీద దుప్పటి మారుస్తుంటాను. ఆయనే తలుపు తీసుకుని వస్తాడు."

"పడుకోబెట్టాక ఏం చేస్తావు? చేసినట్టు చేసి చూపించు."

ఆమె బల్ల దగ్గర నిలబడింది. లేని మనిషి మోకాళ్ళ కింద దిండు పెట్టింది. వీపు కింద పలక సర్దింది. చెవులకు శబ్దం వినపడకుండా తొడుగులు పెట్టింది. తర్వాత గోడ మీది చిన్న క్లిప్పు తీసి గాలిలో పట్టుకుంది.

"వేలికి ఇది పెడతాను. నాడి తెలుస్తుంది."

"ఏ వేలికి?"

"ఎడమ చూపుడు వేలికి. ఎప్పుడూ దానికే."

"మొదటిసారి ఆయనకూ దానికే పెట్టావా?"

"ఆఁ... కాదు, మధ్య వేలికి. చూపుడు వేలు సగమే ఉంది, నిలవలేదు, అందుకని..."

క్లిప్పు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"రెండోసారి?" అన్నాడు నిదానం.

ఆమె ఆ బల్ల మీద ఎవరో పడుకుని ఉన్నట్టే చూస్తూ ఉండిపోయింది. పనికి అలవాటు పడ్డ చెయ్యి తన దారిన తను పోతుంది. ఆ చేతికి నిండైన వేలు దొరికింది, పెట్టేసింది. దొరక్కూడదని దానికెవరు చెబుతారు.

"అయ్యో," అంది చివరికి, చాలా మెల్లగా.

* * *

డాక్టరమ్మ గదిలో ఎస్సై ముందే కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు నిదానం కింద పని నేర్చుకున్నవాడే.

"రండి గురువుగారూ. ఇంకా గోడల మీద మరకలు చూసుకుంటూనే తిరుగుతున్నారా?"

"చూస్తున్నా. నువ్వు తుడిచేసే లోపల."

"నాకు మరకలక్కర్లేదు. మేడమ్ చెప్పింది చాలు. ఇంకోసారి చెప్పండి మేడమ్, ఆయన కూడా వింటారు."

డాక్టరమ్మకు ఆ ధోరణి నచ్చలేదు. అయినా చెప్పింది. "రక్తంలో మలినాలు పెరుగుతూ వచ్చాయి. ఆయాసమూ ఉంది. కానీ స్కాన్‌లో మచ్చ పెద్దగా లేదు. మచ్చపడిన కిడ్నీ తిరిగి బాగుపడదు, మచ్చలేనిది కోలుకోవచ్చు. అందుకే ఇది తాత్కాలికం అనుకుని, వెంటనే డయాలసిస్ పెట్టకుండా నీళ్ళు తగ్గే మందుతో చూశాను. ఆయన హఠాత్తుగా పోయాడు. మచ్చలేని కిడ్నీలు అలా పడిపోవాలంటే ఏదో విషం లాంటిది తగలాలి. నేనన్నది అంతే. ఎవరో పెట్టారని అనలేదు."

"పెట్టింది ఎవరో కనుక్కోవడం మా పని," అన్నాడు ఎస్సై. "పొడి కలిపిచ్చానని ఆవిడే ఒప్పుకుంది."

"పొడిని పరీక్షకు పంపావుగా. ఏమొచ్చింది?"

ఎస్సై కాలు మీద కాలు మార్చాడు. "ఏమీ రాలేదు. డబ్బాలో మిగిలింది మంచిదే. కలిపింది అదేనని ఏముంది? అత్తగారిల్లు కాదు కదా గురువుగారూ, అడగ్గానే అసలుది తెచ్చి చేతిలో పెట్టడానికి."

"పొడి ఎప్పుడు మొదలుపెట్టిందో అడిగావా?"

"చలికాలంలో."

"ఆయన మంచం మీద వాలలేక కూర్చుని నిద్రపోవడం మొదలైంది వానలు వెనకబట్టగానే. ఆయాసం చూసి పొడి తెచ్చింది గాని, పొడి తాగి ఆయాసం రాలేదు. ముందు వెనకలు చూడకుండా బండికి ఎద్దును వెనక కట్టావు."

"కూర్చుని నిద్రపోయాడని ఎవరు చెప్పారు?"

"గోడ."

ఎస్సై నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"వెల్లకిలా పడుకోలేకపోయేవాడా?" అంది. "రెండో స్కాన్ నాటికే?"

"అంతకు ముందే."

ఆమె కంప్యూటర్ తిప్పి బొమ్మలు తెరిచింది. చెదిరినవీ చెదరనివీ పక్కపక్కన పెట్టింది. స్కానింగ్ అమ్మాయి గుమ్మంలో నిలబడి, తల వంచుకుని వేలి సంగతి చెప్పింది. 

"సైజులో తేడా కనిపించింది," అంది డాక్టరమ్మ. "మొదటి బొమ్మలో కిడ్నీలు చిన్నగా ఉన్నట్టు అనిపించాయి. చెదిరిన బొమ్మలో అంచు దొరకదు కదా అని సరిపెట్టుకున్నాను. బొమ్మ బాగా వచ్చిందన్న సంతోషంలో ఎవరిదని అడగలేదు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అవి ఆయనవి కాకపోతే, మొదటి స్కాన్ నాటికే కిడ్నీలు కుంచించుకుపోయి ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరుతూ వచ్చాయి. ఇక విషం దాకా పోనక్కర్లేదు. ఆ జబ్బు చాలు. నేను డయాలసిస్ పెట్టి ఉండాల్సింది."

ఎస్సై లేచి నిలబడ్డాడు. "ఇవన్నీ మాటలు. బొమ్మ ఆయనది కాదంటే, ఎవరిది? ఆ మనిషిని చూపించండి. లేకపోతే ఐదింటికి నా పని నేను చేసుకుంటా."

"ఇక్కడే ఉండు," అన్నాడు నిదానం.

* * *

చిన్నోడు గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నిదానం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఎవరో ముసలాయన చక్రాల కుర్చీలో నిద్రపోతున్నాడు. ఆ కుర్చీని పట్టుకున్నామె కూడా నిలబడే కునుకుతోంది.

"చిన్నోడా, ఊపిరి ఎంతసేపు ఆపగలవు?"

అతను ఉలిక్కిపడలేదు. ఎప్పటినుంచో వస్తుందనుకున్న బస్సు వచ్చినట్టు చూశాడు.

"మొదటిసారి బొమ్మలు పాడయ్యాయన్నారు సార్. రెండోసారీ అలాగే అయితే మందు పరీక్షలోంచి పేరు తీసేస్తారన్నారు. అన్నకేమో ఆ మందు తప్ప దారి లేదని నమ్మకం. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఏడ్చాడు. పడుకోలేనురా, పడుకుంటే చస్తాను, పడుకోకపోతే మందు పోతుంది అన్నాడు. గౌను నేను తొడుక్కున్నాను."

"నువ్వే అన్నావా, ఆయనా?"

"నేనే. వద్దన్నాడు. ఒక తల్లి కడుపున పుట్టిన వాళ్ళమే కదా, లోపల మాత్రం ఏం తేడా ఉంటుంది అన్నాను. అన్నకు ఒంట్లో బాగాలేకపోతే కొలత తీసుకోవడానికి నేను వెళ్ళేవాణ్ణి కాదా సార్, ఇదీ అలాగే అనుకున్నాను. మూడోసారికి అలవాటైపోయింది."

"నన్నెందుకు పిలిచావు?"

చిన్నోడు గోటి అంచున ఉన్న రంగును ఇంకో గోటితో గీకాడు.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ కూడా సరిగ్గా లేదు. వదినే పెంచింది. ఆవిడ జైలుకెళ్తే నేను చూడలేను. నిజం చెబితే ఆవిడ మొహం చూడలేను. మధ్యలో మీకేమైనా దారి దొరుకుతుందేమోనని."

"దొరకలేదు."

"తెలుసు సార్. మీరు మంచం దగ్గర నిలబడ్డప్పుడే తెలిసింది."

ఇద్దరూ లేచారు. ఆసుపత్రి వాసన పడదన్నవాడు ఏ మలుపులో ఎటు తిరగాలో అడక్కుండానే ముందు నడిచాడు.

గదిలో అతను నిలబడే అంతా చెప్పాడు. ఎస్సై అడ్డు రాకుండా విన్నాడు. అయిపోయాక అన్నాడు, "ఇంకొకరి పేరుతో పరీక్ష చేయించుకోవడం తప్పు. నీ మీద కేసు రాయొచ్చు, తెలుసా?"

"రాయండి సార్. వదినను వదిలేయండి."

ఎస్సై నిదానం వైపు చూశాడు. "వేలు సంగతి నేనూ చూసి ఉండాల్సింది."

"చూసేవాడివే. నువ్వు ఆవిడ చేతులే చూశావు."

ఎస్సై ఫోన్ తీసి, వడ్రంగి ఇంటి దగ్గరున్న కానిస్టేబులును వెనక్కి వచ్చేయమని చెప్పాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూడా వెంటనే వెళ్ళలేదు. డాక్టరమ్మ ఇంకా బొమ్మల్నే చూస్తోంది. తప్పు జరిగిందని తెలిసినవాళ్ళు చూసే చూపు కాదది. కొత్తగా ఏదో కనిపిస్తే చూసే చూపు.

"ఈ రెండూ నీవేనా?" అంది. "ఖచ్చితంగా? ఇంకెవరూ పడుకోలేదుగా?"

"నావే మేడమ్."

"కూర్చో. నీ వయసెంత?"

చెప్పాడు.

"బీపీ ఉందా? కాళ్ళు వాస్తాయా? మూత్రం నురగగా వస్తుందా?"

"అవేం లేవు. నురగ... ఎప్పుడైనా. నాకేం కాలేదు మేడమ్, గట్టిగానే ఉన్నాను. అన్న మంచం ఒక్కణ్ణే ఎత్తుతాను."

ఆమె బొమ్మను పెద్దది చేసి అతని వైపు తిప్పింది. కిడ్నీ నిండా రంగులు పరుచుకున్నాయి. చాలా భాగం నీలం. అంచుల వెంట అక్కడక్కడా పసుపు, ఒకటి రెండు చోట్ల ఎరుపు.

"నీలం మెత్తగా ఉన్న చోటు. ఎరుపు గట్టిపడిన చోటు. ఇది మీ అన్నది అనుకున్నంత కాలం నాకు సంతోషంగానే ఉంది. అన్నేళ్ళ జబ్బు మనిషికి ఇంత తక్కువ ఎరుపంటే గొప్పే. ఇది నీదంటున్నావు. ఏ జబ్బూ లేదంటున్నావు. అలాంటప్పుడు ఇందులో ఎరుపు ఉండకూడదు."

గది వెలుపల ఎవరిదో పేరు పిలుస్తున్నారు.

"ఇది రెండోసారిది. ఇది మూడోసారిది." రెండూ పక్కన పెట్టింది. ఎరుపు పెరిగిందని చెప్పక్కర్లేకుండానే కనిపించింది. "మీ నాన్నగారు ఎలా పోయారు?"

"ఆయాసంతో. కాళ్ళు వాచాయి. గుండె అన్నారు."

"గుండె కాకపోవచ్చు."

చిన్నోడు బొమ్మ దగ్గరికి వంగాడు. చెక్క కొనేటప్పుడు లోపల తొర్ర ఉందేమోనని చూసేవాడిలా చూశాడు.

"ఒక్క స్కాన్ చూసి జబ్బు పేరు చెప్పను," అంది డాక్టరమ్మ. ఆమె గొంతు మెత్తబడింది. "రక్తం, మూత్రం ఇవాళే తీసుకుంటాను. రక్తంలో ఏమీ కనబడకపోవచ్చు. సగం పోయేదాకా కిడ్నీ నోరు విప్పదు. నీకు రక్తం పలచబడే మందులు లేవు కాబట్టి కావాలంటే సూది పరీక్షా చేయొచ్చు. ఇంకోసారి స్కాన్ తీస్తాను, ఈసారి నీ పేరు మీద. ఇంత తొందరగా బయటపడితే, ఉప్పు మానడం దగ్గర్నుంచీ, చేయగలిగింది చాలా ఉంటుంది. మీ అన్న నా దగ్గరికి వచ్చేసరికి ఆ దశ దాటిపోయింది."

"అంటే అన్న పేరుతో నేను పడుకోకపోతే..."

అతను బొమ్మలోని ఎరుపు మీద వేలు పెట్టాడు.  ఎస్సై టోపీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

* * *

వాళ్ళు ఇల్లు చేరేసరికి గుమ్మం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. వదిన వాకిట్లోనే నిలబడి ఉంది. కానిస్టేబులు వెళ్ళేముందు ఏం చెప్పి వెళ్ళిందో గాని, ఆమెకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

"పొడి కాదమ్మా," అన్నాడు నిదానం. "జబ్బే. మీరు పొడి తేవడానికి ముందే అది ముదిరిపోయింది. డాక్టరమ్మ తన నోటితో చెప్పింది."

ఆమె గోడ పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పెద్ద బరువు దించాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

చిన్నోడు ఆమె ఎదుట నిలబడ్డాడు. నిదానం వీధివైపు తిరిగాడు గాని మాటలు వినబడుతూనే ఉన్నాయి. బట్టలు మార్చుకునే గదిలో అన్న ఏడ్చిన సంగతి, గౌను సంగతి చెప్పాడు. బల్ల సంగతి చెప్పాడు. ఆ బొమ్మలు చూసే అన్నకు డయాలసిస్ పెట్టలేదని కూడా దాచకుండా చెప్పాడు.

ఆమె ఒళ్ళోని చేతులు తీసి నేలకు ఆనించింది.

"ఆ గదిలో కూర్చుని ఏడ్చాడా?" అంది.

"ఏడ్చాడు వదినా."

"నాతో ఒక్క ముక్క అనలేదు."

"నీకు తెలిస్తే ఒప్పుకోవని చెప్పొద్దన్నాడు."

"ఒప్పుకునేదాన్ని కాదు." మళ్ళీ తనే అంది, "నీ మీద కోపం రావాలి. ఎక్కడో ఉంది. వచ్చినప్పుడు తిడతాను, పడు."

"పడతాను. వదినా, ఇంకోటుంది. ఆ బొమ్మలు నావి కదా. వాటిలో మచ్చ ఉందట."

ఆమె తలెత్తి చూసింది. అతని మొహంకేసి, తర్వాత కాళ్ళకేసి. మరుక్షణం లేచి మోకాళ్ళ మీద కూర్చుని, అతని చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. ఆ నొక్కడం నిదానానికి కొత్త గాని ఆమె వేలికి కొత్త కాదు. వేలు తీశాక వాపుంటే పడే గుంట పడిందా లేదా అని దీపం వేసి మరీ చూసింది. పడలేదు.

"రాత్రికి డాక్టరమ్మ ఫోన్ చేస్తానంది," అన్నాడు చిన్నోడు.

"చేయనీ," అని ఆమె వంటగదిలోకి వెళ్ళింది. కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

నిదానం చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే లోపలినుంచే కేక వేసింది. "అన్నయ్యగారూ, భోంచేసి వెళ్ళండి. పొద్దుటినుంచీ ఎవరం ఏమీ తినలేదు."

చీకటి పడకముందే ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నం, ఒక కూర, పలచటి చారు. తనూ వాళ్ళతోపాటే కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నిదానానికి తెలిసింది, ఉప్పు లేదు. కూరలో లేదు, చారులోనూ లేదు. ఆమె కంచంలోకి చూశాడు. అదే కూర, అదే చారు. చిన్నోడు ముద్ద మింగి, ఒక్కసారి వదినవైపు చూసి, మళ్ళీ కంచంలోకి వంగాడు. నిదానం అన్నం కలుపుకున్నాడు. ముగ్గురూ తల వంచుకుని, ఒక్క మాట లేకుండా, చివరి మెతుకు దాకా తిన్నారు.